నాలుగు సంతకాల కోసం ఆదిలాబాద్ దాకా

ఆదిలాబాద్ వెళ్లొచ్చానని చెప్పగానే మావాళ్లు అడిగిన మొదటి మాట, జలపాతం చూశావా అని. చూడలేదు. కరీంనగర్ పక్కన కోట ఉందిగా, అదైనా చూశావా అన్నారు ఇంకొకరు. అదీ చూడలేదు. నేను చూసినవి ఒక మైకుసెట్ల దుకాణం, ఒక మరమగ్గాల షెడ్డు, రిటైరైన గని కార్మికుడి ఇల్లు, ఒక రొట్టెల కొట్టు. ఆ నాలుగు చోట్లా నలుగురు మనుషులున్నారు. వాళ్ల చేత సంతకాలు పెట్టించుకు రమ్మని నన్ను పంపారు. ఆ పని ఎలా సాగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు పుస్తకాల ప్రూఫులు దిద్దాను. ఆ ప్రచురణ సంస్థ మూతపడ్డాక, మనిషి మాట విని రాసిపెట్టే యంత్రాన్ని తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. కృత్రిమ మేధ అని పత్రికలు రాసేది ఈ పని గురించే. యంత్రానికి తెలుగు రావాలంటే తెలుగువాళ్లు మాట్లాడిన మాటలు బోలెడన్ని వినిపించాలి. ఇంగ్లీషు విషయంలో పెద్ద కంపెనీలకు ఆ బాధ లేకపోయింది. నెట్‌లో కనిపించిందల్లా ఎవరినీ అడక్కుండా ఊడ్చుకుపోయాయి. రాసినవాళ్లు, పాడినవాళ్లు ఇప్పుడు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. తెలుగుకి నెట్‌లో అంత సరుకు లేదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం వార్తల తెలుగు, కాకుంటే మా వైపు తెలుగు. కరీంనగర్ మనిషి "వచ్చిండు" అంటే మా యంత్రం "వచ్చి ఉండు" అని రాసేది.

అలాంటి రోజుల్లో కరీంనగర్‌లో యాకూబ్ అలీ అనే ఆయన దగ్గర ఆరేళ్లుగా రికార్డు చేసిన గొంతులున్నాయని మాకు తెలిసింది. నేతవాళ్లు, గని కార్మికులు, బీడీలు చుట్టేవాళ్లు, రొట్టెలు అమ్మే ఆడవాళ్లు, అందరూ తమ యాసలో తమ సంగతులు చెప్పుకున్న రికార్డులు. మా మేనేజరు ప్రసాద్ గారు ఆయనతో ఫోన్‌లో మాట్లాడి ఏకమొత్తంగా ఒక మంచి ధర చెప్పారు. షరతు ఒక్కటే. ఆ గొంతులు ఇకమీదట మా కంపెనీకి మాత్రమే చెందాలి, ఇంకెవరూ వాడకూడదు. యాకూబ్ అలీ అవుననలేదు, కాదనలేదు. సిరిసిల్ల, మందమర్రి, ఆదిలాబాద్, ఒక్కోచోట అందరి తరఫునా మాట్లాడే మనిషి ఒకరున్నారనీ, ఆ ముగ్గురూ ఒప్పుకుంటేనే తను ఒప్పుకుంటాననీ అన్నాడట. అందుకని కాగితాలు సంచిలో పెట్టుకుని నేను బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ చించి ఇచ్చాడు. మా తెనాలి అత్తయ్యకు ఫోన్ చేసి, ఇక్కడ జిల్లా దాటినా ఆడవాళ్లకు టికెట్ లేదని గొప్పగా చెప్పాను.

కరీంనగర్: పొద్దుమీకి

"రేపు పొద్దుమీకి రాండ్రి" అన్నాడు యాకూబ్ అలీ ఫోన్‌లో. పొద్దు అనే మాట వినబడగానే ఉదయం అనుకున్నాను. ఏడింటికల్లా ఆయన దుకాణం ముందు నిలబడితే షట్టరు మూసి ఉంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎదురుగా చాయ్ హోటలాయన నన్ను చూసి చూసి, ఎవరి కోసమని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడి, పొద్దుమీకి అంటే సాయంత్రమని చెప్పి, కూర్చోమని కుర్చీ వేశాడు. ఇరవై ఏళ్లు తెలుగు దిద్దినదాన్ని, ఒక్క మాట తెలియక పూట పోగొట్టుకున్నాను. యంత్రాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నానని అప్పుడనిపించింది.

ఆ పూట ఊరికే పోలేదు. ముప్పై రూపాయలకు సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అద్ది కాల్చేది. మా వైపు తపేలా చెక్కకి ఇది చుట్టమే కానీ, కారం విషయంలో మొహమాటం లేదు. తర్వాత వెండి తీగపని చేసే ఇంటికి వెళ్లాను. వెంట్రుకంత సన్నటి వెండి తీగలను మెలిపెట్టి నెమలిని చేస్తున్నాడు ఒకాయన. కుంకుమ భరిణె ధర అడిగి, చేతిలోంచి మెల్లగా కింద పెట్టేశాను. ఈ పని ఈ ఊరిదని ప్రభుత్వం రాసిచ్చిందనీ, ఊళ్లో పని వచ్చినవాళ్లెవరైనా చేసుకోవచ్చనీ, బయటివాళ్లు మాత్రం ఊరి పేరు పెట్టుకుని అమ్ముకోకూడదనీ ఆయన చెప్పాడు. మరి పేరు ఎవరిదండీ అని అడిగితే, "ఊరిది" అన్నాడు, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

సాయంత్రం యాకూబ్ అలీ దుకాణం తెరిచాడు. అరవై ఐదేళ్లుంటాయి. తెల్ల గడ్డం, చేతికి పాత గడియారం. లోపల గోడ పొడుగునా లౌడ్‌స్పీకర్లు, వాటి వెనక ఒకప్పటి క్యాసెట్లు. పెళ్లిళ్లకు, దర్గా ఉర్సులకు, మీటింగులకు మైకు కట్టడం ఆయన వృత్తి. వయసు మీద పడ్డాక స్తంభాలెక్కడం మానేసి, ఫోన్‌తో గొంతులు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగాను. మనవరాలు ఫోన్‌తో మాట్లాడుతుంటే అది ఆమె మాట అర్థం చేసుకోలేదట. ఆ పిల్ల తన మాట మార్చుకుని, సినిమాల్లోలాగా మాట్లాడి పని జరుపుకుందట. అది చూసి ఆయనకు మనసొప్పలేదు.

నాకో రికార్డు వినిపించాడు. మాట్లాడే మనిషికన్నా ముందు యాకూబ్ అలీ గొంతే వచ్చింది. "నువ్వు ఒప్పుకుంటెనే గీ మాటలు ఇంకొకలకు ఇస్త. ఒప్పుకోకపోతె ఇయ్య. గిది నా జబాన్." జబాన్ అంటే ఇచ్చిన మాట. ప్రతి రికార్డు మొదట్లోనూ అది ఉంది. ఇన్నేళ్లలో మా కంపెనీకి వచ్చిన గొంతుల్లో ఏ ఒక్కదాని ముందూ ఇలాంటి మాట నేను వినలేదు.

నేను కాగితం బయటికి తీశాను. ఆయన చేత్తో వారించాడు.

"ముందుగాల ఆ ముగ్గురిని అడిగి రాండ్రి, అమ్మా. వాళ్లు పెడితె నేను కండ్లు మూసుకొని పెడ్త. వాళ్లు వద్దంటె మాత్రం నన్ను అడగకుండ్రి."

సిరిసిల్ల: మగ్గాల చప్పుడులో

మరుసటి రోజు సిరిసిల్ల. బస్సు దిగి సందులోకి తిరగ్గానే మరమగ్గాల చప్పుడు కాళ్ల కింది నుంచి ఎక్కుతుంది. షెడ్డులో నిలబడి పక్కమనిషితో మాట్లాడాలంటే నేను అరవాల్సి వచ్చింది. అక్కడివాళ్లు అరవరు. పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. అక్కడివాళ్ల తరఫున మాట్లాడే రాజవ్వ దారం కండెలు చుట్టే చోట ఉంది. యాభై దాటిన మనిషి. చేతి నిండా దారం పోగుల గాట్లు. నన్ను చూసి చెయ్యి ఊపి, పని ముగించుకుని ఇంటికి తీసుకెళ్లింది.

అన్నం, పచ్చిపులుసు, నూనెలో వేయించిన ఎండు చేపలు పెట్టింది. మా వైపు చారు కాగాల్సిందే. ఇక్కడ పచ్చి చింతపండు రసంలో ఉల్లిపాయలు పిసికి అలాగే పోస్తారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను. తర్వాత కాగితం చదవమంది. చదివాను. నా ప్రూఫుల గొంతు నాకే కృతకంగా వినిపించింది. "ప్రత్యేక హక్కులు" దగ్గర ఆపి, అదేమిటని అడిగింది. ఇకమీద మా కంపెనీ తప్ప ఇంకెవరూ వాడకూడదని అర్థం అన్నాను.

రాజవ్వ కోడలిని పిలిచింది. స్వప్న కంప్యూటర్ డిప్లొమా చేసి, దరఖాస్తులు నింపే సెంటర్‌లో పనిచేస్తోంది. యాకూబ్ అలీ ఇచ్చిన గొంతులతో, నెట్‌లో ఉచితంగా దొరికే ఒక యంత్రానికి మాటలు నేర్పి తన ఫోన్‌లోకి ఎక్కించింది. పింఛను, రేషను, చేనేత సాయం, ఏ దరఖాస్తైనా నోటితో చెబితే అది రాసిపెడుతుంది. రాజవ్వ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, తన పింఛను నాలుగు నెలల సంది వస్తలేదనీ, ఆఫీసుల అడిగితే వేలిముద్ర పడుతలేదంటున్నరనీ గబగబా చెప్పింది. దారం గాట్లకు వేళ్ల ముద్రలు చెరిగిపోతాయని కూడా చెప్పింది. ఫోన్ తెర మీద అచ్చంగా ఆ మాటలే, తర్వాత ఆఫీసుకు కావలసిన అర్జీ రూపంలో అవే మాటలు.

నేను దిద్దడానికి తప్పు వెతికాను. దొరకలేదు. అద్దాల గదుల్లో, పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద మా కంపెనీ రెండేళ్లుగా చేయలేకపోతున్న పనిని, ఈ ఇంటి వంటింటి గడప మీద కూర్చుని ఒక కోడలు చేసింది. నా కంపెనీ ఓడిపోయిందని నాకు బాధ కలగాలి. కలగలేదు. ఛాతీ కొంచెం పొంగింది.

"గీ సంతకం పెడితె గిది నడుస్తదా?" అని అడిగింది రాజవ్వ.

అబద్ధం చెప్పలేకపోయాను. నడవదు, ఆపేయాలి, కావాలంటే మా కంపెనీ దగ్గర నెలకింత అని కట్టి తీసుకోవాలి అన్నాను.

"అంటె మా మాటలు మేమే కొనుక్కోవాల్నా?"

అప్పటికి వాకిట్లో ఇరుగుపొరుగు చేరారు. అందరూ ఒక్క మాట మీద లేరు. మాటలేమన్నా తరుగుతాయా, ఎన్నైనా మాట్లాడుకోవచ్చు, వచ్చే డబ్బు తీసుకుందామని ఒకాయన గట్టిగా వాదించాడు. పని లేక మగ్గం ఆపుకుని కూర్చున్నవాడు, ఆయన మాటలో న్యాయం ఉంది. రాజవ్వ ఇంటికప్పు రేకుల్లో రెండు చోట్ల ఆకాశం కనబడుతోంది. ఆ డబ్బులో వాటా ఆమెకూ వస్తుంది. ఆమె ఆయన చెప్పింది పూర్తిగా విని, ఆలోచిస్తానంది. ఆదివారం నాడు కరీంనగర్‌లో యాకూబ్ అలీ దుకాణానికి వస్తాననీ, మిగతా ఇద్దరినీ అక్కడికే రమ్మని చెప్పమనీ నాతో అంది.

బస్టాండు నుంచి ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డ మనిషి కారు. సొంత ఇల్లు తాకట్టు పెట్టి కంపెనీ నడుపుతున్నారు. డబ్బు నేను పోసి, రేపు పక్క కంపెనీవాడు అదే సరుకు ఉచితంగా వాడుకుని నాకన్నా తక్కువ ధరకు అమ్మితే నేనెందుకు పొయ్యాలి, చెప్పండి అన్నారు. ఆయనే మళ్లీ అన్నారు, పెద్ద కంపెనీలు మనలాగా అడగవు, మనం మర్యాదగా అడుగుతున్నాం, అది కూడా వాళ్లకు చెప్పండని.

బస్సులో ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. మేం అడుగుతున్నది మర్యాద కొద్దీ కాదు. ఈ తెలుగు నెట్‌లో దొరకదు కాబట్టి అడుగుతున్నాం. దొరకదు కాబట్టే దానికి ధర పలుకుతోంది. ఆ ధర ఎంతో తేల్చే బలం నిజానికి మాది కాదు, దారం చుట్టే ఆవిడది. ఒక్కసారి మాకే రాసిచ్చేస్తే ఆ బలం ఆ రోజుతో సరి.

మందమర్రి: పోశవ్వ మాట

మంచిర్యాల దాటాక రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లబడుతూ వస్తాయి. మందమర్రిలో షిఫ్టు మారే వేళకు దిగాను. గనిలోంచి వచ్చిన మనుషులు చాయ్ కొట్ల ముందు నిలబడి ఉన్నారు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు. నేను కలవాల్సిన సమ్మయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఇద్దరు ముగ్గురు పోటీపడి దారి చూపించారు. టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లరుగా ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. రిటైరై, కాలనీ పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు.

ఆయన స్టీలు గిన్నెలో గుడాలు పెట్టాడు, ఉడికించి పోపేసిన అలసందలు. వంట ఆలస్యంగా నేర్చుకున్నానని, ఉప్పు చూసి చెప్పమని అన్నాడు. భార్య పోశవ్వ పోయి రెండేళ్లయిందట. పోయే ముందు ఏడాది యాకూబ్ అలీ ఆమెను రికార్డు చేశాడు. ఆ రికార్డు సమ్మయ్య ఫోన్‌లో ఉంది. వినిపించాడు. బొగ్గు బట్టలు ఎన్ని నీళ్లు మారిస్తే తెల్లబడేవో, గనిలో ప్రమాదమైందని కబురొచ్చిన రోజున గేటు దగ్గర ఆడవాళ్లంతా ఎలా నిలబడ్డారో, పైకొచ్చిన ఒక్కొక్క మొహాన్నీ గుర్తుపట్టడానికి ఎలా తిప్పలు పడ్డారో ఆమె చెబుతోంది. ఎక్కడా ఏడుపు లేదు. నడుమ ఒకచోట నవ్వింది. సమ్మయ్య నల్లగా వస్తే ఆమె ముందు చెప్పులు చూసి గుర్తుపట్టిందట.

నేను కాగితం తీసి నాలుగో పేజీకి తిప్పాను. అక్కడ ఒక వాక్యం ఉంది. సేకరించిన గొంతుల నమూనాతో కొత్త మాటలు పలికించే హక్కు కంపెనీకి ఉంటుందని. ఆఫీసులో దాన్ని చాలాసార్లు చదివాను. అక్షరదోషాలు దిద్దాను కూడా. పోశవ్వ నవ్వు విన్నాక అదే వాక్యం చదవడానికి నోరు రాలేదు. అయినా చదివాను.

"కొత్త మాటలంటె? ఆమె అనని మాటలా?"

"అవునండీ."

సమ్మయ్య ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మా పోశవ్వ ఎన్నడు అబద్ధం ఆడలే, మేడం. ఇప్పుడు అడ్డం చెప్పెతందుకు ఆమె లేదు. గది నేను ఒప్పుకోను."

నేనిక బయల్దేరతానని లేచాను. ఆయన కూర్చోమన్నాడు. వద్దన్నది ఆ ఒక్క షరతునేనట. రికార్డు దాచిపెట్టాలని మాత్రం లేదట. గనుల ఆడవాళ్లు ఎట్లా బతికారో పిల్లలు వినాలి, బడుల్లో వినాలి, ఎక్కడో దూరాన ఉన్నవాళ్లూ వినాలి. తాము తీసిన బొగ్గుతో ఎన్ని ఊళ్లలో దీపాలు వెలిగాయో, ఎవరి దీపం ఏ టబ్బుదో తానెన్నడూ అడగలేదనీ, అట్లాగే ఈ మాటలు కూడా ఎవరికైనా పనికొస్తే తనకు సంతోషమేననీ అన్నాడు. ఆ మాటలంటున్నప్పుడు ముసలాయన నడుం నిటారుగా అయింది. ఆదివారం కరీంనగర్ వస్తానన్నాడు.

ఆదిలాబాద్: సునందబాయి రొట్టెలు

ఆదిలాబాద్‌లో చలి నన్ను పట్టుకుంది. హైదరాబాద్ స్వెట్టరు అక్కడ పైటకొంగుతో సమానం. బస్టాండుకు కొంచెం దూరంలో, రోడ్డు పక్క మంటల ముందు వరసగా ఆడవాళ్లు జొన్నరొట్టెలు చేస్తున్నారు. చప్పట్ల మోత. కర్ర, పీట లేకుండా రెండు చేతుల మధ్యే రొట్టె పెద్దదవుతుంది. మా తెనాలిలో జొన్నరొట్టె షుగరు వచ్చినవాళ్లు దిగులుగా తినేది. ఇక్కడ దాన్ని తినే మొహాలు చూస్తే షుగరు రాకపోయినా తినాలనిపించింది. రొట్టె పదిహేను రూపాయలు. పైన శనగపిండితో చేసిన పిట్లె, నూరిన పచ్చిమిరప కారం ఊరికే వేస్తారు.

ఆ వరసలో మూడో ఆమె, నేను వెతుకుతున్న సునందబాయి. నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో సగం మరాఠీ, సగం తెలుగు. నేనెవరో చెప్పగానే, కాగితం ఇవ్వమని పిండి చేతులు కడుక్కుంది. మూడు చోట్ల తిరిగినదాన్ని, వాదనకు సిద్ధమై ఉన్నాను.

"ఏడ పెట్టాలె?" అని అడిగింది ఆమె.

నాకు నమ్మకం కలగలేదు. చదవకుండానే పెడతారా అన్నాను. అప్పుడు తన కథ చెప్పింది. వాళ్ల అవ్వ ఇసుర్రాయి తిప్పుతూ పాడే పాట ఒకటుంది. అందులో అవ్వ తన ఐదుగురు అన్నదమ్ముల పేర్లు కట్టి కలిపింది, కాబట్టి ఆ పాట ఇంకే ఊళ్లోనూ లేదు. ఎవరో పట్నం మనిషి వచ్చి, ఎంతో ప్రేమగా మాట్లాడి రికార్డు చేసుకుపోయాడు. దానికి వాయిద్యాలు కలిపి నెట్‌లో పెట్టి, తన పేరు మీద హక్కు రాయించుకున్నాడు. కొన్నాళ్లకు సునందబాయి అవ్వ చేతనే పాడించి తన ఫోన్ నుంచి వీడియో పెడితే, ఇది ఇంకొకరి సొత్తు అని నోటీసు వచ్చింది. వీడియో తీసేశారు.

"మా అవ్వ పాట మా అవ్వది కాదంట, బాయి. తలుపు తెరిచి పెడితె గిట్లనే అయితది. అందుకే తాళం ఏసుడే మంచిది. మీది కంపెనీ గద, దొంగలొస్తె మీరే కొట్లాడుతరు."

పెన్ను ఆమె చేతిలోనే ఉంది. నేను నోరు మూసుకుంటే ఒక సంతకం వచ్చేది. నలుగురిలో ఒక్కరు పెట్టినా మిగతావాళ్లను మెత్తబరచవచ్చని నేను బయల్దేరే ముందు ప్రసాద్ గారు చెప్పారు. నాకు జీతం ఇచ్చేది ఆయన. అయినా ఆ మంట ముందు కూర్చుని ఊరుకోవడం నావల్ల కాలేదు. ఈ కాగితం మీద సంతకం పెడితే, యాకూబ్ అలీ రికార్డుల్లో ఉన్న మీ అవ్వ పాట కూడా మా కంపెనీదవుతుంది, ఆ పట్నం మనిషి చోటులో మేముంటాం, అంతే తేడా అన్నాను. రాజవ్వ ఫోన్ సంగతి చెప్పాను. పోశవ్వ సంగతి చెప్పాను.

సునందబాయి పెన్ను కింద పెట్టింది. పెనం మీద రొట్టె మాడుతుంటే తీసి పక్కన పడేసింది. ఎవరైనా వాడుకోవచ్చు కానీ ఎవ్వరూ తాళం వేసుకోవద్దని రాసే కాగితం అసలు ఉండదా అని అడిగింది.

ఉంటుంది. స్వప్న వాడిన ఆ ఉచిత యంత్రం అలాంటి షరతు మీదే నెట్‌లో ఉంది. తీసుకున్నవాడు తను చేసిన మెరుగులు కూడా అలాగే తెరిచి ఉంచాలని దాని ఒప్పందంలో ఉంటుంది. అది నాకు తెలుసు. గొంతులకూ, పాటలకూ అలాంటిది రాయవచ్చని మాత్రం తట్టలేదు. ఆ మాటే చెప్పాను.

"మరి గా కాగితం తెచ్చేది ఉండె" అంది సునందబాయి.

ఆదివారం కరీంనగర్ వస్తానంది. మాడిన రొట్టెకు డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు.

మళ్లీ కరీంనగర్: మా కాగితం, వాళ్ల కాగితం

ఆదివారం నలుగురూ దుకాణంలో చాప మీద కూర్చున్నారు. స్వప్న కూడా అత్తతో వచ్చింది. ఇంటి నుంచి యాకూబ్ అలీ భార్య బగారా అన్నం, దాల్చా పంపింది. నేను తెల్ల కాగితం తీసుకున్నాను. వాళ్లు చెబుతుంటే రాశాను. ఈ గొంతులు ఎవరైనా వినొచ్చు, వాడొచ్చు. వీటితో యంత్రం చేసి అమ్ముకునేవాళ్లు తాము దిద్దిన తప్పులు, కలిపిన మెరుగులు తిరిగి ఇక్కడే పెట్టాలి. చెప్పినవాళ్ల పేరు, ఊరు పేరు ముందుండాలి. మనిషి అనని మాట ఆ మనిషి గొంతుతో పలికించకూడదు. హక్కు ఏ ఒక్కరి పేరు మీదా ఉండదు. వెండి తీగపని గురించి ఆ మొదటి రోజు విన్నది చెబితే యాకూబ్ అలీ తల ఊపాడు, అట్లాగే రాయమన్నాడు. "చేసిండు", "ఇచ్చిండు" అని వాళ్లు చెప్పినవి చెప్పినట్టే రాశాను.

తర్వాత ప్రసాద్ గారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. ఆయన అదే ప్రశ్న అడిగారు. అందరికీ తెరిచిపెట్టినదానికి నేను డబ్బెందుకివ్వాలి?

జవాబు యాకూబ్ అలీ చెప్పాడు.

"సార్, నా క్యాసెట్లు అందరు నకలు చేసుకున్నరు. నేను పరేషాన్ కాలే. క్యాసెట్ అమ్మి నేను బతకలే. మైకు తీసుకొని ఇంటికొస్త, మంచిగ వినబడేటట్టు కడ్త. దానికి ఇచ్చిండ్రు పైసలు. మీరు గూడ గదే చేస్తుండ్రు. ఉన్న మాటలు తీస్కపోండ్రి. రేపు దవాఖానకు వేరే మాటలు కావాలె, బ్యాంకుకు వేరే మాటలు కావాలె. అవి రికార్డు చేసేది, తప్పులు చూసేది మావోళ్లు. ఆ పనికి కూలి ఇయ్యుండ్రి. గీ మాట మీకంటె మంచిగ ఎవలు దిద్దుతరు?"

ఏకమొత్తం మాట ఇక లేనట్టేనని మాత్రం చెప్పి ప్రసాద్ గారు ఫోన్ పెట్టేశారు.

రాజవ్వ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె ముందుకు జరిగి పెన్ను అడిగింది. సిరిసిల్ల వెళ్లాక ఎవరెవరు ఏమేమి అంటారో ఆమెకు తెలుసు. అయినా మొదటి సంతకం ఆమే పెట్టింది, అక్షరం అక్షరం విడివిడిగా. తర్వాత సమ్మయ్య. తర్వాత సునందబాయి. చివర యాకూబ్ అలీ, ఉర్దూలో. ఆఫీసు బీరువాలో పెట్టాల్సిన నా కాగితాలు సంతకాలు లేకుండానే సంచిలోకి వెళ్లాయి. హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక, పని పాడుచేసుకుని వస్తున్న మనిషిలా కాకుండా ఏదో గెలుచుకొస్తున్న మనిషిలా ఉన్నానని నాకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు, కానీ రెండు నెలలు ప్రసాద్ గారు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. ఈలోగా స్వప్న ఆ గొంతులను షరతుల కాగితంతో సహా నెట్‌లో పెట్టింది. డాక్టరును చూడటానికి రోగులకు ఫోన్‌లో టైము ఇచ్చే పని చేసే ఒక చిన్న సంస్థ వాటిని వాడుకుని, తను దిద్దిన తప్పులన్నీ తిరిగి ఇచ్చింది. ఎక్కడో మహారాష్ట్రలో చదువుకునే ఒకమ్మాయి ఆదిలాబాద్ మాటలకు అర్థాలు కలిపింది. వచ్చినవాళ్లు వాడుకునేకొద్దీ ఆ సరుకు తరగలేదు, బాగుపడింది. మా యంత్రం మాత్రం ఇంకా "వచ్చి ఉండు" దగ్గరే ఉండిపోయింది. అన్నీ మొదట్నుంచీ మేమే సేకరించుకోవాలంటే ఎంతవుతుందో ప్రసాద్ గారు లెక్క వేసుకున్నారు. మాకు డబ్బిచ్చేవాళ్లు గొంతుల గోదాము కోసం ఇవ్వడం లేదనీ, చెప్పిన పని సరిగ్గా చేసే యంత్రం కోసం ఇస్తున్నారనీ, వాళ్ల కాగితానికే ఒప్పుకుందామనీ ఆయనే ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి అన్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. సునందబాయి వీడియో ఇంకా తిరిగి రాలేదు. సిరిసిల్లలో ఆ రోజు వాదించినాయన రాజవ్వతో ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు. ఆమె ఇంటి రేకులు మారలేదు. అయితే ఇప్పుడు సిరిసిల్లలో కొందరు ఆడవాళ్లు మగ్గాలకు పని లేని రోజుల్లో గొంతులు విని, మా యంత్రం రాసిన మాటల్లో తప్పులు పట్టి, గంటకింత అని తీసుకుంటున్నారు. ఏది తప్పో, ఏది ఒప్పో వాళ్లు చెబితే నేను వింటాను.

ఆ పని మొదలయ్యే ముందు ప్రసాద్ గారు స్వయంగా కరీంనగర్ వచ్చారు. ఆ నలుగురూ మళ్లీ వచ్చారు. యాకూబ్ అలీ ఆ చేతిరాత కాగితాన్ని చాప మీద పరిచాడు. ప్రసాద్ గారు పెన్ను తీసి, అలవాటు కొద్దీ కంపెనీ పేరుండే చోటు కోసం పై వైపు వెతికారు. అక్కడ ఊళ్ల పేర్లున్నాయి. రాజవ్వ వేలు పెట్టి చోటు చూపించింది.

"ఆడ కాదు సార్. మా నలుగురి కింద."

ఆయన మోకాళ్ల మీద వంగి, ఐదో సంతకం పెట్టారు.